పన్నెండో మిషను స్విచ్చి

ఆ రోజు పన్నెండో మిషను స్విచ్చి ఆపింది నేనే. ఈ ఒక్క మాట నోరు తెరిచి చెప్పడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ పద్దెనిమిది రోజులూ నా తప్పును ఇంకొక మనిషి మోశాడు. ఒక్కసారి కూడా నా వైపు వేలు చూపించలేదు. చూపించి ఉంటే నాలుగు కేకలు వేసుకుని ఈపాటికి ఆ సంగతి మరిచిపోయి ఉండేవాణ్ణేమో.

మొన్నీమధ్య విజయనగరంలో ఒక పాలిటెక్నిక్ వాళ్ళు పిలిచారు. ఫ్యాక్టరీల్లో కరెంటు పొదుపు గురించి పిల్లలకు చెప్పమన్నారు. వెళ్ళి గంటసేపు మోటార్లూ పంపులూ మీటర్లూ అని ఊదరగొట్టి, శాలువా కప్పించుకుని వచ్చాను. బస్సెక్కి కూర్చున్నాక నా మీద నాకే ఒళ్ళు మండింది. చెప్పవలసింది తప్ప అన్నీ చెప్పాను. ఆ మిగిలినది ఇది.

మా వర్క్‌షాపు ఎచ్చెర్ల దగ్గర, హైవే పక్కన. పంపులకు షాఫ్టులు, వాల్వులకు లోపలి భాగాలు చేసి పంపేవాళ్ళం. మొత్తం పన్నెండు సీఎన్‌సీ మిషన్లు. అంటే మనిషి ఒకసారి కొలతలు కంప్యూటరుకి నేర్పితే, ఆ తరువాత మిషనే లోహాన్ని చెక్కుకుంటూ పోతుంది. నేను మెయింటెనెన్సులో చేరి, మధ్యలో నాలుగేళ్ళు బొబ్బిలి దగ్గరి యూనిట్‌లో ఉండి, తిరిగి వచ్చాను. చివరి మూడేళ్ళకు "ఎనర్జీ మేనేజర్" అన్న పలక నా గది తలుపుకి బిగించారు. మనిషిని పాడుచెయ్యడానికి తలుపు మీద పలక చాలు.

మా సరుకు కొనే పెద్ద కంపెనీ ఒకటి కొత్తగా ఒక షరతు పెట్టింది. ప్రతి ముక్క తయారీకి ఎంత కరెంటు ఖర్చయిందో చూపించాలి, అది తగ్గుతోందని కూడా చూపించాలి. మా యజమాని ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పడేసి, "ఇది మీ పని" అన్నారు. నేను ఒక్కో మిషనుకీ మీటరు కట్టి కూర్చున్నాను. వారం తిరిగేసరికి ఒక సంగతి తేలింది. అది చూసి నిజంగానే నాకు మతిపోయింది. మిషను లోహాన్ని చెక్కేటప్పుడు ఎంత తాగుతోందో, ఏ పనీ లేకుండా ఊరికే నిలబడినప్పుడు కూడా అందులో సగానికి పైగా తాగుతోంది. చెక్కే పని ఆగినా లోపల నూనె పంపు తిరుగుతుంది, చల్లటి నీళ్ళ పంపు తిరుగుతుంది, లోహపు రజను మోసే పట్టా తిరుగుతుంది, కరెంటు పెట్టెలో ఏసీ ఆడుతుంది, దీపాలు వెలుగుతాయి. పెళ్ళి భోజనాలు అయిపోయి వంటవాళ్ళు వెళ్ళిపోయాక కూడా పొయ్యిలన్నీ మండుతున్నట్టు.

ఇది కనిపెట్టినవాణ్ణి నేనే కాబట్టి ఇక నేను ఆగలేదు. రూలు పెట్టాను: టీకి వెళ్ళినా, అన్నానికి వెళ్ళినా, షిఫ్టు మారినా, మిషను మెయిన్ స్విచ్చి ఆపి వెళ్ళాలి. ఎవరైనా ఆపకపోతే గోడ మీద బోర్డులో ఆ మిషను పేరు పక్కన ఎర్ర చుక్క. ఆ చుక్కలు నేనే స్వయంగా పెట్టేవాణ్ణి, స్కూలు మేష్టరులాగ. వెనకాల కుర్రాళ్ళూ పెద్దాళ్ళూ ఏమనుకుంటున్నారో నాకు వినిపిస్తూనే ఉండేది.

"సార్ ఇంట్లో ఫ్రిజ్జీ కూడా సార్‌ని సూసి తలుపేసుకుంటాదట."

"ఊరుకోరా, నీ నవ్వుకి కూడా సుక్కెడతాడు."

పన్నెండో మిషను పక్కన మాత్రం చుక్కలు వరసకట్టాయి. దాని కంట్రోలు, అంటే తెర ఉన్న కంప్యూటరు పెట్టె, ఎప్పుడూ ఆపేవాడు కాదు దాని ఆపరేటరు.

ఇతని గురించి చెప్పాలి. మేమిద్దరం ఒకే ఐటీఐలో పక్కపక్క బల్లల మీద ఆకురాయి పట్టినవాళ్ళం. వరసకి ఏమీ కాము, అయినా మా వైపు అలవాటు ప్రకారం మొదటి రోజు నుంచీ బావా అంటే బావా. ఒకే ఏడు ఈ వర్క్‌షాపులో చేరాం. నేను చదువుకుంటూ పరీక్షలు రాసుకుంటూ గదిలోకి వెళ్ళాను. అతను మిషను దగ్గరే ఉండిపోయాడు. ఉండిపోయాడని నేనంటున్నాను. అతనెప్పుడూ ఆ మాట అనలేదు.

అతనిది శ్రీకూర్మం దాటాక సముద్రం వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి శివాలయంలో అఖండ దీపం ఉంది. అది ఆరకుండా చూసుకోవడం వాళ్ళ వంశం పని. అన్నదమ్ముల శాఖలు నెలలు పంచుకున్నాయి. కార్తీకమాసం ఇతని శాఖది. ఆ నెలంతా సాయంత్రం చమురు పోసి వత్తి మార్చేది ఆ శాఖలో పెద్దవాడే అయ్యుండాలి. తండ్రి పోయినప్పటి నుంచీ అది ఇతనే. అందుకే ఎన్నేళ్ళయినా ఉదయం షిఫ్టు తప్ప ఇంకొకటి అడగలేదు, చెయ్యలేదు. రెండింటికి దిగితే సాయంత్రానికి దీపం దగ్గర ఉండొచ్చు. ఇంక్రిమెంటు వదులుకున్నాడు, సూపర్‌వైజరు పోస్టు వదులుకున్నాడు, ఆ షిఫ్టు వదల్లేదు.

పన్నెండో మిషను ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, దాన్ని నడిపేవాడు దీపం ఇంటివాడు. కాబట్టి వర్క్‌షాపులో ఎవరో దానికి "అఖండం" అని పేరు పెట్టారు. అతను నవ్వేవాడు. కంట్రోలు పెట్టె మీద రోజూ చిన్న కుంకుమబొట్టు, ఒక నందివర్ధనం పువ్వు పెట్టేవాడు. విశ్వకర్మ పూజ నాడు అన్ని మిషన్లూ ఆపి కొబ్బరికాయ కొట్టినా దీనికి మాత్రం తెర వెలుగుతూ ఉండగానే హారతి.

ఇవన్నీ చూసి నేను ఏం తీర్మానించుకున్నానంటే, ఇది మూఢనమ్మకం. మా బావ గుడినీ మిషనునీ కలిపేసుకున్నాడు. ఆ తీర్మానం నాకు చాలా తెలివైనదిగా కనిపించింది.

ఒకసారి అతను నా గదికి వచ్చాడు. లోపల ఇద్దరు కొత్త ఇంజనీర్లు కూర్చుని ఉన్నారు. తలుపు దగ్గరే నిలబడి, "బావా, ఆ పన్నెండో దాని గురించి ఒక ముక్క సెప్పాల" అన్నాడు.

నేను తల ఎత్తకుండా, "గదిలో సార్ అనాలి. బయట నీ ఇష్టం" అన్నాను.

 "సరే సార్" అని వెళ్ళిపోయాడు. ఆ ముక్క ఏమిటో నేను అడగలేదు. అతను మళ్ళీ ఆ గది గడప తొక్కలేదు.

దీపావళికి ఇంకా ఇరవై రోజులుందనగా ఆ పెద్ద కంపెనీ నుంచి ఇద్దరు చూడడానికి వచ్చారు. ఒక పెద్దాయన, ఒక అమ్మాయి. అమ్మాయి చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు. నేను కావాలనే వాళ్ళను అన్నం వేళకి షాపులోకి తీసుకొచ్చాను. పదకొండు మిషన్లు చీకట్లో, చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. నేను రూలు పెట్టక ముందు ఆ షెడ్డులో మధ్యాహ్నం పక్కవాడి మాట వినిపించేది కాదు. ఆ నిశ్శబ్దం నాదే అన్నట్టు ఛాతీ విరుచుకుని నడుస్తున్నాను. వెనకాల మా యజమాని.

చివర పన్నెండోది. తెర వెలుగుతోంది. దాని కింద చిన్న యూపీఎస్ పెట్టె సన్నగా గీపెడుతోంది.

"ఇదెందుకు నడుస్తోంది?" అంది అమ్మాయి.

యజమాని నా వైపు ఒక చూపు చూసి, మోగుతున్న ఫోను పట్టుకుని షెడ్డు బయటికి నడిచారు.  అతను పక్కనే బోర్లించిన డబ్బా మీద కూర్చుని క్యారేజీలోంచి అన్నం తింటున్నాడు.

"లే. ఆపు దీన్ని" అన్నాను.

అతను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని లేచాడు. "దీన్ని ఆపకూడదు సార్."

"రూలు అందరికీ ఒకటే."

"కంట్రోలు ఒగ్గేయండి సార్. పంపులన్నీ ఆపేసినాను సూడండి. తెర ఒక్కటే. దానికి కారణం ఉన్నాది, మీకు..."

"నీ అఖండ దీపం కబుర్లు ఇక్కడొద్దు. ఇది గుడి కాదు."

అమ్మాయికి అది అర్థం కాలేదు గానీ పెద్దాయన కొంచెం నవ్వాడు. ఆ నవ్వు నన్ను ఇంకా ఎగదోసింది. స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాను. అతను ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచెయ్యి స్విచ్చికి అడ్డం పెట్టాడు.

"బావా, ఒద్దు. నా మాట ఇను."

బావా అన్నాడు, ఆ వచ్చినవాళ్ళ ముందు. నాకు మిషను సంగతి కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. అతని చెయ్యి తోసి మెయిన్ స్విచ్చి ఆపాను. చాలదన్నట్టు వంగి యూపీఎస్ కూడా ఆపాను. "ఇది కూడా రాత్రింబవళ్ళు తాగుతుంది" అని వాళ్ళకి వివరించాను. తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. అమ్మాయి కాగితం మీద టిక్కు పెట్టుకుంది.

అతను మళ్ళీ కూర్చోలేదు. క్యారేజీ మూత పెట్టేశాడు.

అన్నాలయ్యాక స్విచ్చి వేశాం. తెర వచ్చింది. దాని నిండా ఎర్ర వరసలు. ఏ అక్షం ఎక్కడుందో దానికి తెలియదు, ఏ మోటారు తనదో తెలియదు. ముసలిమనిషి నిద్రలేచి ఇంటివాళ్ళను ఎవరు మీరని అడిగినట్టుంది. మిషను జ్ఞాపకం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ మిషను మీద చెయ్యవలసిన షాఫ్టులు ఆ వారమే వెళ్ళాలి.

యజమాని వచ్చారు. "ఎలా జరిగింది?"

ఇక్కడ నేను చెప్పవలసిన మాట మూడే ముక్కలు: నేనే ఆపాను సార్. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఈ మిషనుకి వేరే జాగ్రత్త ఉందని ఆపరేటరు సరిగ్గా చెప్పలేదు సార్."

అతను నన్ను చూశాడు. కోపం ఉంటే బాగుండేది. నేనే ఏదో గుర్తు తెచ్చుకుంటానేమో అని ఎదురుచూసినట్టు చూశాడు. నాకేమీ గుర్తు రాలేదు. అప్పుడు యజమాని వైపు తిరిగి, "అవును సార్, సరిగ్గా సెప్పలేకపోయినాను" అన్నాడు.

మర్నాటి నుంచి అతన్ని మిషను మీంచి తీసేసి, మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకి, డీబరింగు బల్ల దగ్గరికి మార్చారు. మిషను చెక్కిన ముక్కల అంచున చెయ్యి కోసేంత పదునైన పొర మిగులుతుంది. దాన్ని ఆకురాయితో రుద్ది తీసేసే బల్ల అది. ముప్ఫై ఏళ్ళు మిషను నడిపిన మనిషి అక్కడ. ఆ ఘటన మీద రిపోర్టు రాయమన్నారు. "జాగ్రత్త చెప్పకపోవడం ఆపరేటరు తప్పిదం" అని నేనే రాశాను. కొనే కంపెనీకి కూడా అదే వెళ్ళింది.

మూడో రోజున, సర్వీసు చేసే మనిషి వచ్చేలోపు ఏవైనా పాత కాగితాలు దొరుకుతాయేమోనని పన్నెండో మిషను వెనక కరెంటు పెట్టె తెరిచాను. తలుపు లోపలి వైపు ఒక ప్లాస్టిక్ సంచి అతికించి ఉంది. అందులో ఒకే ఒక కాగితం. "మెమరీ బ్యాటరీ హోల్డరు ఉప్పు గాలికి తినేసింది. కొత్తది వచ్చేదాకా కంట్రోలు ఆపవద్దు. యూపీఎస్ తీయవద్దు." కింద సంతకం, తేదీ.

అది నా రాత, నా సంతకం.

అప్పుడు వరసగా గుర్తొచ్చింది, అదీ ఎంత మామూలు సంగతో! సీఎన్‌సీ మిషను జ్ఞాపకాన్ని, కరెంటు లేనప్పుడు, లోపలుండే చిన్న బ్యాటరీ కాపాడుతుంది. ఏడేళ్ళ కిందట దీని బ్యాటరీ కూర్చునే గూడు తుప్పుపట్టి విరిగింది. పాత మోడలు, వెంటనే దొరకలేదు. కొత్తది తెప్పించమని రాసిపెట్టాను. కరెంటు పోయినా కంట్రోలు బతికేలా ఈ యూపీఎస్ నేనే బిగించాను. అతని భుజం మీద చెయ్యి వేసి, "బావా, అది వచ్చేదాకా దీన్ని ఆరనివ్వకు, నీ చేతిలో పెడుతున్నా" అని నేనే అన్నాను. తరువాత నన్ను బొబ్బిలి మార్చారు. గూడు రాలేదు. అది రాలేదన్న సంగతి కూడా నాకు గుర్తులేదు. అతను ఏడేళ్ళు దాన్ని ఆరనివ్వలేదు. నేను చెప్పిన మాటని అతను నిలబెడుతుంటే దాన్ని నేను మూఢనమ్మకం అన్నాను.

ఆ కాగితం తీసుకుని యజమాని గదికి వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. నేను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రెండేళ్ళలో రిటైర్మెంటు, గౌరవంగా వెళ్దామనుకున్నాను. చూడండి, ఏ గౌరవమో! చొక్కా మారినప్పుడల్లా ఆ కాగితం కొత్త జేబులోకి మార్చేవాణ్ణి. పారెయ్యలేను, చూపించలేను.

డీబరింగు బల్లకి పెద్ద ఒకావిడ ఉండేది. లావేరు వైపు మనిషి, మాట కత్తి. ఒకరోజు నేను అటువైపు వెళ్తుంటే పని ఆపకుండానే అంది:

"ఏటి సార్, ఇటొచ్చినారు? ఇక్కడ కూడా సుక్కలెడతారేటి?"

"అతనెలా ఉన్నాడు?"

"బాగున్నాడు. రుద్దుతన్నాడు. మనిషి సేతిలో పనున్నాది, ఏ బల్లయితేటి. అది కాదు గానీ, కార్తీకం వస్తాది గదా. ఈ షిఫ్టులో ఉంటే సాయంత్రం దీపం కాడికి ఎవులెల్తారు? పెద్దోడు ఎల్లకపోతే ఆ నెల పక్క శాఖోళ్ళకి పోతాదట. పోతే మరి రాదట. వాళ్ళు కాసుకుని కూకున్నారు."

"నాతో చెప్పలేదే."

"మీతోనా?" అని ఆకురాయి ఆపి నన్ను కిందనుంచి పై దాకా చూసింది. "ఒకపాలి సెప్పడానికి వచ్చినాడట గదా మీ గదికి."

ఆ సాయంత్రం గేటు దగ్గర అతని కోసం నిలబడ్డాను. టీ విరామంలో వచ్చాడు. "బావా" అన్నాను.

"సెప్పండి సార్."

"కార్తీకం సంగతి..."

"సూసుకుంటాను సార్." టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "మీ కాగితం ఆ పెట్టెలో ఇంకా ఉన్నాదా సార్?"

నా చెయ్యి నాకు తెలియకుండానే జేబు మీదికి వెళ్ళింది. అతను అది చూశాడు. ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అంటే మొదటి నుంచీ అతనికి కాగితం సంగతి తెలుసు. ఆ రోజు యజమాని ముందు ఒక్కమాట అంటే చాలు, పెట్టె తెరిచేవాళ్ళం. అనలేదు. నేనే అంటానని ఆగాడు.

అయినా నేను ఇంకో వారం నాన్చాను. ఏమేమో సాకులు. రిపోర్టు వెళ్ళిపోయింది, మిషను ముందు బాగవనీ, పండగ పోనీ.

దీపావళికి రెండు రోజుల ముందు హైదరాబాదు నుంచి సర్వీసు మనిషి వచ్చాడు. మిషను తయారుచేసినవాళ్ళ దగ్గర్నుంచి పాత లెక్కలు తెచ్చి ఒక్కొక్కటీ ఎక్కించాడు. పని అయ్యేసరికి పెట్టె లోపల వేలు పెట్టి, ఆ విరిగిన గూడును బయటికి లాగి, మా అందరికీ చూపించాడు. అక్కడ యజమాని ఉన్నారు, నేనున్నాను, ఇంకో నలుగురున్నారు.

"ఇది విరిగి ఏళ్ళయింది సార్. బ్యాటరీ లేకుండా ఈ మిషను ఇన్నాళ్ళు బతకడమే వింత. ఎవరు చూసుకున్నారు దీన్ని?"

 డీబరింగు బల్ల దగ్గర ఆకురాయి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అది ఆగలేదు. అతను విన్నాడు, తల మాత్రం ఎత్తలేదు.

నేను జేబులోంచి కాగితం తీసి యజమానికి ఇచ్చాను. చెమటకి తడిసి మడతల దగ్గర చిరిగిపోతోంది.

"ఆపవద్దని రాసింది నేనే సార్. మరిచిపోయి ఆపింది నేనే. అతను ఆపకుండా అడ్డుపడ్డాడు, తోసేశాను. రిపోర్టులో అబద్ధం రాశాను."

యజమాని కాగితం రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను. విసుగ్గా, "ఇది మూడో రోజే ఎందుకివ్వలేదు?" అన్నారు.  కాగితం మడిచి మళ్ళీ ఆయనే అన్నారు: "ఆపరేటరు మీద చర్య తీసుకున్నాం అని వాళ్ళకి రాసి పంపాం. వాళ్ళు ఆ ఫైలు మూసేదాకా ఆర్డరు మార్చలేను. నెల పట్టొచ్చు."

"కొత్త రిపోర్టు ఇవాళే రాసి పంపుతాను సార్, నా పేరుతో."

"పంపండి. అయినా వాళ్ళు మూసేదాకా ఆ బల్ల దగ్గర ఆ షిఫ్టులో మనిషి ఉండాలి."

"నేనుంటాను."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "జనం నవ్వుతారు" అన్నారు.

నవ్వారు కూడా. కార్తీకం మొదటి రోజు రెండింటికి నేను బల్ల దగ్గర నిలబడితే, గుమ్మం దగ్గర ఇద్దరు వంగి వంగి నవ్వారు. కాగితం మీద అతని షిఫ్టు అలాగే ఉంది. మనుషులు మాత్రం మారాం: ఉదయం బల్ల పని అతను చేసి దిగిపోతాడు, మధ్యాహ్నం నేనెక్కుతాను. మొదటి ముక్కకే బొటనవేలు తెగింది. బల్ల పెద్దావిడ గుడ్డపేలిక నా ఒళ్ళో పడేసి అంది:

"మీటరెట్టి కొలిసినారు గానీ సార్, అంచు సూసుకోలేదు."

ఐటీఐలో నేర్చిన చెయ్యే, కానీ ఏళ్ళ తరబడి పెన్ను పట్టి మొద్దుబారింది. రోజు గడిచేకొద్దీ భుజాలు పట్టేసేవి. ఇంకా చికాకు పెట్టింది ఇంకొకటి. ఆ బల్ల వెనకాల గోడ వారగా ఒక సన్నటి బుస్సు. ముక్కల మీద రజను ఊదడానికి గాలి గొట్టాలుంటాయి. వాటి అతుకుల్లోంచి గాలి కారిపోతోంది. గాలి కారితే దాన్ని నింపడానికి వెనక షెడ్డులో కంప్రెసరు రోజంతా ఆగకుండా తిరగాలి. పన్నెండు మిషన్లకూ మీటర్లు కట్టి, ఎర్ర చుక్కలు పెట్టి, ఒక తెర వెలుగుతోందని మనిషిని తోసినవాణ్ణి, ఈ గొట్టాల దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి కారుతోంది?"

"మూడేళ్ళు. సెప్తనే ఉన్నాం."

"ఎవరికి?"

"మీ గదికి సీటీ రాసి పంపినాం సార్. మీరు సుక్కల పనిలో ఉన్నారు గదా."

మర్నాడు నేనే అతుకులు మార్చాను. కంప్రెసరు ఎంతో కాలానికి మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది. నా రూలు మొత్తం తగ్గించిన కరెంటు ఒక ఎత్తు, ఆ నాలుగు అతుకులు ఒక ఎత్తు. కోపం వస్తుంది ఇప్పటికీ, ఆ బుస్సు తలుచుకుంటే.

బోర్డు తీసేశాను. బల్ల పనికి ముందు, ఉదయం పూట, ఒక్కో మిషను దగ్గరికి వెళ్ళి ఆపరేటరునే అడిగాను: ఇందులో ఏది ఆపొచ్చు, ఏది ఆపకూడదు, ఎందుకు. ఒకడు నీళ్ళ పంపు, పట్టా ఎప్పుడైనా ఆపొచ్చన్నాడు. ఇంకొకడు మిషను పూర్తిగా చల్లబడితే మొదటి రెండు ముక్కలు కొలత తప్పుతాయి, పారేసే ముక్క మీద పోసిన కరెంటు ఎవరి ఖాతా అన్నాడు. నిజమే కదా! అవన్నీ అట్టలమీద రాసి, ఆ మాట చెప్పిన మనిషి పేరు కూడా రాసి, మిషనుకే వేలాడదీశాను. ఎవరైనా ఏదైనా ఆపవద్దని చెబితే అది ఎవరు చెప్పారో, ఏ రోజు దాకానో అట్ట మీద ఉండాలి. పన్నెండోదానికి కొత్త గూడు, కొత్త బ్యాటరీ బిగించి, దాని అట్ట మీద మొదటి పేరు అతనిది రాశాను. కింద నా తప్పు కూడా రాశాను, రెండు వాక్యాల్లో.

పిల్లలూ, మీకిప్పుడు ఏ మిషను ఎంత తాగుతోందో ఫోనులోనే కనిపిస్తుంది. మంచిదే. ఆపబోయే ముందు మాత్రం దాని దగ్గర కూర్చుని అన్నం తినే మనిషిని ఒకమాట అడగండి. అడిగాక జవాబు అయ్యేదాకా ఉండండి.

కార్తీకం ముప్ఫై రోజులూ అతను దీపం దగ్గరికి వెళ్ళాడు. వంతు వాళ్ళ శాఖలోనే ఉంది. కొనే కంపెనీ ఆ ఫైలు మూసింది, నా మీద ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, అతనికి మళ్ళీ పన్నెండో మిషను, ఉదయం షిఫ్టు. పోలి పాడ్యమి మర్నాడు, అతను మిషను దిగి ఇంటికి వెళ్ళేముందు నా బల్ల దగ్గరికి వచ్చాడు. అది నా ఆఖరి రోజు అక్కడ. చేతిలో కొబ్బరి ముక్క, చిటికెడు విభూది, కాగితంలో చుట్టి. బల్ల మీద పెట్టాడు. నేను అప్పుడే రుద్ది పెట్టిన షాఫ్టు తీసి, వెలుతురుకేసి తిప్పి, అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. నెమ్మదిగా, చుట్టూ ఒకసారి.

"ఇంకా గరుకున్నాది" అన్నాడు. "మళ్ళీ రుద్దు."

సార్ అనలేదు. బావా అని కూడా అనలేదు. ముక్కను నా చేతిలో పెట్టి గేటు వైపు నడిచాడు. నేను దాన్ని మళ్ళీ బిగించి, ఆకురాయి తీసుకున్నాను.